కాలేజీ గేటు, టెన్నిస్ కోర్టు

ఈ నెల మన మాట ఆడపిల్లల ఆట గురించి. కబడ్డీ, ఖోఖో కాదు, టెన్నిస్. దేశంలోని కాలేజీ ఆడపిల్లలు ఒకచోట చేరి ఆడే టెన్నిస్ పోటీ గురించి.

"మన మిల్లు లైన్లలో టెన్నిస్ ఏంది సామీ?" అని మీరు అనుకునేది నాకు వినపడతానే ఉంది. టెన్నిస్ అనంగానే మన ఇండ్లల్లో నోటికొచ్చే పేరు ఒకటే, సానియా మీర్జా. హైదరాబాదు పిల్ల. 2005లో హైదరాబాదు ఓపెన్ గెలిచింది. 2015లో డబుల్సులో ప్రపంచంలోనే ఒకటో నంబరు అయ్యింది. అదే సంవత్సరం మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ డబుల్సు గెలిచింది. టీవీ ముందర కూర్చుని మనమందరం చప్పట్లు కొట్టినాము. కొట్టి, వెంటనే ఇంకో మాట కూడా అన్నాము: "అది దుడ్డున్నోళ్ల ఆట, మనకెందుకు?"

ఈ మాటలో సగం నిజముంది. పట్నాల్లో టెన్నిస్ కోర్టులు ఎక్కువగా క్లబ్బుల్లో ఉంటాయి. క్లబ్బులో మెంబరు కావాలంటే మన బోనసులన్నీ పోసినా చాలవు. నేర్పే మాష్టరుకు నెలనెలా ఫీజు, బ్యాటుకు వేలు, దాని తీగలు తెగితే మళ్లా ఖర్చు. ఇదంతా ఉన్నదే.

మిగతా సగం ఎవరూ చెప్పరు. టెన్నిస్ లోకి పోయే దారులు రెండుండాయి. ఒకటి క్లబ్బు గేటు, రెండోది కాలేజీ గేటు. క్లబ్బు గేటు కాడ అడిగేది మెంబరు కార్డు. కాలేజీ గేటు కాడ అడిగేది స్టూడెంటు కార్డు. మొదటి కార్డు మన పిల్లకు దొరకదు. రెండో కార్డు దొరుకుతుంది, పీయూసీ అయినాక మనం చదువు మాన్పించకుండా ఉంటే. ఈ నెల నేను చెప్పదల్చుకున్నది ఇంతే. మిగిలిందంతా దానికి వివరం.

మన దేశంలో ఇది ఎట్ల నడుస్తుందో ముందు చూద్దాం. ఢిల్లీలో అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ అని ఒక సంఘముంది. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డు అనే పేరుతో మొదలైంది. యూనివర్సిటీల మధ్య ఆటల పోటీలు నడిపించేది వీళ్లే. అందులో ఆడపిల్లల టెన్నిస్ కూడా ఒకటి. మెట్టు మెట్టుగా ఎక్కాలి. పిల్ల మొదట తన కాలేజీ తరఫున ఆడాలి. ఆ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీల పిల్లల్లో బాగా ఆడేవాళ్లను ఏరి యూనివర్సిటీ జట్టు కడతారు. ఆ జట్టు జోన్ పోటీకి పోతుంది. మన కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కేరళ అన్నీ సౌత్ జోన్. అక్కడ ముందు వరసలో నిలిచిన జట్లు అఖిల భారత పోటీకి పోతాయి. అందులో కూడా పైకొచ్చిన జట్లకు ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో చోటు దొరుకుతుంది. ఆ గేమ్స్ మొదటిసారి 2020లో భువనేశ్వర్‌లో పెట్టినారు. రెండోసారి 2022లో మన బెంగళూరులోనే జరిగినాయి.

దీన్ని మన పావగడ లెక్కలో చూడండి. పావగడ గవర్నమెంటు ఫస్ట్ గ్రేడ్ కాలేజీలో చదివే పిల్ల తుమకూరు యూనివర్సిటీ పిల్ల. ఆ యూనివర్సిటీ 2004లో వచ్చింది. అంతకుముందు మన కాలేజీలు బెంగళూరు యూనివర్సిటీ కింద ఉండె. బెంగళూరు పెద్ద కాలేజీల పిల్లల గుంపులో పావగడ పిల్ల ఎవరి కంటికి ఆనుతుంది? ఇప్పుడు ఎంపికకు మన జిల్లా కాలేజీల పిల్లలతో నిలబడితే చాలు. యూనివర్సిటీ జట్టులో చోటు మనకు వంద కిలోమీటర్ల దూరంలో, తుమకూరులో ఉంది. అంతకన్నా దగ్గరికి ఏ క్లబ్బూ రాదు.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. కాలేజీ టెన్నిస్‌ను పెద్ద ఎత్తున నడిపించేది అమెరికా. అక్కడ కూడా ఆడపిల్లలకు ఇది ఊరికే రాలేదు. బిల్లీ జీన్ కింగ్ అని ఒకామె ఉంది, 1943లో పుట్టింది. తండ్రి ఫైరింజన్ ఉద్యోగి. క్లబ్బులో చేర్చే స్తోమత లేదు. లాంగ్ బీచ్ అనే ఊర్లో పార్కుల్లో ఉండే ఉచిత కోర్టుల్లో ఆట నేర్చుకుంది. మొదటి బ్యాటు ధర 8 డాలర్లు. ఆ దుడ్డు చిన్న చిన్న పనులు చేసి తానే కూడబెట్టుకుంది. 1961లో, ఇంకా 18 ఏండ్లు కూడా నిండకముందే, వింబుల్డన్ డబుల్సు గెలిచింది. గెలిచి వచ్చి లాస్ ఏంజెలిస్‌లో కాలేజీలో చేరితే ఆట స్కాలర్‌షిప్ లేదు. అదే ఊర్లో టెన్నిస్ ఆడే మొగపిల్లలకు యూనివర్సిటీలు పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తా ఉండె. ఈ పిల్ల వింబుల్డన్ గెలిచి కూడా పనులు చేసుకుంటా చదువుకుంది.

1972 జూన్ 23న అక్కడ ఒక చట్టం వచ్చింది. టైటిల్ నైన్ అంటారు. సర్కారు దుడ్డు తీసుకునే చదువు సంస్థల్లో ఆడ మగ తేడా చూపకూడదు, ఇంతే అందులోని మాట. ఆ మాటలో ఆటల ఊసే లేదు. అయినా ఆ ఒక్క మాట పట్టుకుని ఆడపిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కాలేజీలను అడిగినారు: మొగపిల్లలకు కోర్టు ఇచ్చినావు, మాకేది? అడగంగా అడగంగా, 1982లో అక్కడి కాలేజీ ఆటల సంఘం ఎన్సీఏఏ ఆడపిల్లల జాతీయ టెన్నిస్ పోటీ మొదలుపెట్టింది. మొదటి సంవత్సరం స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ గెలిచింది. 2025 దాకా లెక్కేస్తే ఆ ఒక్క యూనివర్సిటీ 20 సార్లు గెలిచింది. 2024లో టెక్సస్ ఏ అండ్ ఎం, 2025లో జార్జియా గెలిచినాయి. ఆ పోటీకి 64 జట్లు వస్తాయి. చాలా ఏండ్లు పెద్ద యూనివర్సిటీల్లో ఒక్కో ఆడపిల్లల జట్టులో 8 మంది దాకా ఫీజు, హాస్టలు, తిండి అన్నీ ఇచ్చే పూర్తి స్కాలర్‌షిప్ ఉండేది.

ఆ పోటీలో లెక్క వేసే పద్ధతి మిల్లు మనిషికి నచ్చుతుంది. జట్టుకు జట్టుకు మధ్య మూడు డబుల్సు, ఆరు సింగిల్సు ఆడతారు. డబుల్సు మూడింటికీ కలిపి ఒక పాయింటు. సింగిల్సు ఒక్కోదానికి ఒక్కో పాయింటు. మొత్తం ఏడు. నాలుగు ముందు తెచ్చుకున్న జట్టు గెలిచినట్టు. ఒకటో నంబరు కోర్టులో ఆడే పేరుమోసిన పిల్ల గెలిచినా ఒకటే పాయింటు. ఆరో నంబరు కోర్టులో ఎవరూ చూడని చోట ఆడే పిల్ల గెలిచినా ఒకటే పాయింటు. మన మిల్లులో కూడా అంతే కదా. డాఫరు బాబిన్లు మార్చకపోతే వీవరు మగ్గం ఎంతసేపు నడుస్తుంది? కాబట్టి మన పిల్ల చాంపియన్ కావాల్సిన పని లేదు. ఆరో నంబరు అయినా జట్టుకు ఆమె పాయింటు కావాలి.

ఇంకొక పేరు చెప్పి ముందుకు పోతాను. ఆల్థియా గిబ్సన్, అమెరికాలో నల్లజాతి పిల్ల. 1927లో పుట్టింది. తల్లిదండ్రులు పత్తి చేన్లలో పాలికి పని చేసినవాళ్లు. ఆమె పెరిగింది న్యూయార్క్‌లో హార్లెం అనే పేట. వీధిలో అడ్డం కట్టి పిల్లలు ఆడే చెక్క బ్యాటు ఆటతో మొదలుపెట్టింది. ఫ్లోరిడా ఏ అండ్ ఎం అనే కాలేజీలో ఆట స్కాలర్‌షిప్ మీద చదివి 1953లో డిగ్రీ తీసుకుంది. 1957లోనూ 1958లోనూ వింబుల్డన్ సింగిల్సు గెలిచింది. తల్లిదండ్రులు పత్తి చేన్లో, కూతురు వింబుల్డన్‌లో. నడిమిట్లో ఆమెకు అండగా నిలిచింది ఒక కాలేజీ.

"అదంతా అమెరికా కత" అంటారేమో. మన పిల్లల కత చెప్తాను. రుతుజా భోసలే అని మహారాష్ట్ర అమ్మాయి. అమెరికాలో ఇందాక చెప్పిన టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ జట్టులో ఆడింది. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన కొడగు రోహన్ బోపన్నతో కలిసి మిక్సెడ్ డబుల్సు బంగారు పతకం తెచ్చింది. సహజ యమలపల్లి అని మన తెలుగమ్మాయి. ఆమె కూడా టెక్సస్‌లోనే శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీ తరఫున కాలేజీ టెన్నిస్ ఆడింది. 2025 నవంబరులో బెంగళూరులో బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీ జరిగింది. ఆడవాళ్ల దేశ జట్ల పోటీ అది. 8 డాలర్ల బ్యాటు కొనుక్కున్న ఆ పిల్ల పేరే ఇప్పుడు ఆ కప్పుకు పెట్టినారు. అందులో భారత్ తరఫున సింగిల్సు ఆడిన ఇద్దరూ మన భాష పిల్లలే: ఒకరు సహజ, ఇంకొకరు హైదరాబాదు శ్రీవల్లి రష్మిక భమిడిపాటి. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో పుణేలో శ్రీవల్లి ఒక్క సింగిల్సు కూడా ఓడకుండా ఆడి జట్టును అక్కడిదాకా తెచ్చింది. బెంగళూరులో మన జట్టు గెలవలేదు. అయితే ఏమి? దేశానికి సింగిల్సు ఆడే ఇద్దరూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే పిల్లలే అనేది మన ఆడబిడ్డలకు తెలియాల్సిన సంగతి.

ఇంక మన తాలూకా సంగతి. పావగడ పేరుకు కర్ణాటక. మూడు దిక్కులా ఆంధ్ర. నీళ్లు లేని సీమ, వేరుశెనక్కాయ మీద ఆశ పెట్టుకున్న సీమ. మనకు దగ్గర్లో అనంతపురం ఉంది. అక్కడ విన్సెంట్ ఫెర్రర్ 1969లో పెట్టిన ఆర్డీటీ సంస్థ ఉండాది. స్పెయిన్ దేశపు రఫేల్ నడాల్, అంతటి ఆటగాడు, 2010లో అనంతపురం వచ్చి ఆ సంస్థతో కలిసి పేద పిల్లలకు టెన్నిస్ స్కూలు తెరిచినాడు. అక్కడ టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్పుతారు. మన మాదిరే ఎండ, మన మాదిరే కరువు, మన మాదిరే కూలి ఇండ్ల పిల్లలు. అక్కడ అయ్యేది ఇక్కడ కాకూడదని ఎవరు రాసిపెట్టినారు?

స్థలం లేదంటారా? టెన్నిస్ గీతల కొలత పొడుగు 78 అడుగులు, డబుల్సుకు వెడల్పు 36 అడుగులు. చుట్టూ పరిగెత్తే జాగా కలుపుకుంటే 120 అడుగులకు 60 అడుగులు. అంటే ఒక ఎకరాలో ఆరు కోర్టులు పడతాయి. మన తిరుమణి, వళ్లూరు పక్క సోలార్ పార్కుకు 13,000 ఎకరాల దాకా పోయింది. కరెంటు కావాల్సిందే, కాదనను. ఇంత పెద్ద పార్కు వచ్చిన తాలూకాలో ఆడపిల్లల కాలేజీ ఆటకు ఒక్క ఎకరా అడిగితే అది దురాశ కాదు. గట్టిగా దిమ్మిస చేసిన మట్టి నేల చాలు, రెండు స్తంభాలు, ఒక వల. సిమెంటు కోర్టు తరవాత చూసుకోవచ్చు.

మా వీధిలో ఒకాయన ఉండాడు, నాకన్నా చిన్నోడు. అతను అడిగినాడు: "అన్నా, ఎండలో ఆడి పిల్ల నల్లబడితే సంబంధాలు వస్తాయా? ఆ పొట్టి గౌను వేసుకుని పదిమందిలో ఎట్ల ఆడిస్తాము?"

నేను చెప్పినాను: "వేరుశెనక్కాయ కోతకు పంపించేటప్పుడు పిల్ల నల్లబడుతుందని అనుకున్నావా నువ్వు? అప్పుడు లేని ఎండ ఇప్పుడు యాడ నుంచి వచ్చింది? గౌను సంగతి అంటావా, పెద్ద పెద్ద ఆడవాళ్ల పోటీల్లోనే 2019 నుంచి గౌను లేకుండా ఒట్టి లెగ్గింగ్స్‌తో ఆడొచ్చని రూలు మార్చినారు. మన పిల్ల పొడుగు ప్యాంటు వేసుకుని ఆడుతుంది, అంతే."

అతను నవ్వినాడు గానీ ఒప్పుకోలేదు. "ఆడి ఏమి సంపాదిస్తుంది అన్నా?" అని ఇంకో ప్రశ్న వేసినాడు. ఇది సరైన ప్రశ్న. కూలి బతుకుల్లో ఈ ప్రశ్న అడగడం తప్పు కాదు. జవాబు కూడా సరిగ్గానే చెప్పాలి.

పతకాలు అందరికీ రావు. టెన్నిస్ ఆడి పొట్టపోసుకునేవాళ్లు దేశం మొత్తం మీద కొద్దిమందే. ఆ ఆశ పెట్టుకుని పిల్లను పంపొద్దు. కానీ కేంద్ర సర్కారు ఉద్యోగాల్లో ఆటగాళ్ల కోటా అని ఒకటుంది. గ్రూప్ సీ ఉద్యోగాలకు ఆ కోటాలో ఎవరిని తీసుకోవచ్చో నియమం ఉంది. దేశానికో రాష్ట్రానికో ఆడినవాళ్లే కాదు, ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో తమ యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్లు కూడా అర్హులే. ఆ ఆటల పట్టీలో టెన్నిస్ ఉంది. ఆ పోటీలో ఆడినట్టు ఇచ్చిన సర్టిఫికెట్టును భద్రంగా దాచుకోవాలి. అది ఉద్యోగం కాదు. ఉద్యోగం లైనులో ఒక నిలబడే చోటు. డిగ్రీ చేతిలో ఉంటేనే ఆ లైను బాగా ముందుకు కదులుతుంది.

ఇక్కడ అసలు బాధ చెప్తాను. మన లైన్లలో పీయూసీ రిజల్టు వచ్చిన నెలలోనే ఆడపిల్లల సంగతి తేల్చేస్తాము. సంబంధం, లేదా గార్మెంట్స్. గార్మెంట్స్ పని చిన్నదని నేను అనడం లేదు. నేను మిల్లు మనిషిని, బట్ట పని పెట్టిన అన్నం తిన్నవాణ్ణి. కానీ 17 ఏండ్ల పిల్లను మిషను ముందర కూర్చోబెడితే నెలకు వచ్చే జీతం మనకు కనపడుతుంది, పోయేది కనపడదు. యూనివర్సిటీ పోటీలకు వయసు హద్దు ఉంది. కాలేజీలో పేరు లేని పిల్లకు ఆ పోటీలో చోటు లేదు. ఒకసారి గేటు బయటికి వచ్చినాక, ఎంత బలమున్న చెయ్యి అయినా, ఎంత ఒడుపున్న కాళ్లయినా ఎవరూ పిలవరు. మొగపిల్లోడు సాయంత్రం బజార్లో ఎంతసేపైనా క్రికెట్ ఆడుకుంటాడు. ఆడపిల్లకు గ్రౌండులోకి పోయే వీలుండేది స్కూల్లోనో కాలేజీలోనో మాత్రమే. అందుకే కాలేజీ మాన్పిస్తే ఆడపిల్లకు చదువుతో పాటు గ్రౌండు కూడా మూసేసినట్టే.

ఇంకొక మాట. ఆ ఆట మనది కాదనేవాళ్లు ఒకసారి టెన్నిస్ బంతిని చేతిలోకి తీసుకుని చూడండి. లోపల రబ్బరు. పైన పసుపుపచ్చ నూగు ఉన్నది బట్ట. మంచి బంతుల బట్టకు పడుగు నూలు, పేక ఉన్ని, నైలాను. నేసి, నూగు లేపి, కత్తిరించి రబ్బరుకు అంటిస్తారు. బ్యాటు తీగలు నైలాను, పాలియెస్టరు. నడుమ కట్టే వల దారం ముళ్లు. అంటే టెన్నిస్ సామానులో సగం మన పనోళ్ల చేతిలోంచి పోయిందే. ఎనిమిది గంటలు నిలబడి, మగ్గాల నడుమ తిరిగి పని చేసిన తల్లుల బిడ్డలు వీళ్లు. రెండు గంటలు కోర్టులో పరిగెత్తే దమ్ము వీళ్లకు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?

సరే, ఏమి చేయాలో చెప్పి ముగిస్తాను. పిల్లను డిగ్రీలో చేర్పించేటప్పుడు ఫీజు కౌంటరు నుంచి నేరుగా ఇంటికి రావొద్దు. ఫిజికల్ డైరెక్టరు రూముకు పోండి. నాలుగు ప్రశ్నలు అడగండి. మన కాలేజీ నుంచి ఆడపిల్లల టెన్నిస్ జట్టు పోతుందా? యూనివర్సిటీ ఎంపిక ఏ నెలలో? బ్యాటు కాలేజీ ఇస్తుందా? ఎంపిక నోటీసు వస్తే పిల్లకు ఎవరు చెప్తారు? పేరు రాయించండి. పుట్టిన తేదీకి ఎస్సెస్సెల్సీ మార్క్స్ కార్డు జెరాక్సు సిద్ధంగా పెట్టుకోండి. టెన్నిస్ లేదంటే ఊరుకోవద్దు. ఐదుగురు తల్లిదండ్రులు కలిసి ఒక అర్జీ రాయండి, కాలేజీకి ఒకటి, తాలూకా పంచాయితీకి ఒకటి. ఒక్కడు అడిగితే అది కోరిక. ఐదుగురు సంతకం పెడితే దానికి జవాబు రాయాల్సి వస్తుంది. యూనియన్లో మనం నేర్చుకున్నది ఇదే కదా.

ఎంపికకు తుమకూరు పోవడానికి చార్జీ లేదనొద్దు. 2023 జూన్ 11 నుంచి మన రాష్ట్రంలో కేఎస్సార్టీసీ మామూలు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు ఇస్తాడు. శనేశ్వరుని గుడికని ఎంతో దూరం నుంచి మన పావగడకు ఆడవాళ్లు ఆ బస్సుల్లోనే వస్తా ఉండారు. అదే బస్సు తిరిగిపోయేటప్పుడు మన పిల్ల ఒక బ్యాటు భుజాన వేసుకుని ఎక్కితే సీటు అరిగిపోదు. తోడుకు తల్లి పోయినా ఆమెకు కూడా టికెట్టు లేదు.

ఎంపికలో ఓడిపోయి రావచ్చు. మొదటి ఏడాది చాలామందికి అంతే. అన్నం పెట్టి, "మళ్లా ఎప్పుడు?" అని అడగండి. డిగ్రీ మూడేండ్లు ఉంటుంది.